జపాన్‌లో ఇంగ్లిష్ టీచర్లకు వర్క్‌షాప్: ఆ మూడు గంటల్లో ఏం చేయించాలి?

అందరికీ నమస్కారం.

జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పే టీచర్లకు శిక్షణ కరువేమీ లేదు. ముందే ఈ మాట చెప్పేస్తే సగం అపోహ పోతుంది. మన రాష్ట్రాల్లాంటి ప్రిఫెక్చర్లు 47 ఉన్నాయి, వాటికి విద్యా బోర్డులున్నాయి, శిక్షణ కేంద్రాలున్నాయి. ప్రభుత్వ బడిలో కొత్తగా చేరిన టీచరుకు మొదటి ఏడాదంతా శిక్షణ చట్టప్రకారం తప్పనిసరి. కొన్నేళ్ల అనుభవం వచ్చాక నడిమి దశలో మరొకటి ఉంటుంది. 1987లో మొదలైన జెట్ పథకం కింద విదేశాల నుంచి వచ్చే సహాయక టీచర్లకు, అంటే ఏఎల్‌టీలకు, స్కిల్ డెవలప్‌మెంట్ కాన్ఫరెన్స్ పేరుతో ప్రిఫెక్చర్ స్థాయిలో సమావేశాలు జరుగుతాయి. ఇవన్నీ చాలవన్నట్టు జాల్ట్ అనే భాషా బోధకుల సంఘం 1970ల నుంచీ ఊరూరా శాఖలు పెట్టి వారాంతాల్లో సదస్సులు నడుపుతోంది.

మరి కొరత ఎక్కడుంది? శనివారం మధ్యాహ్నం నేర్చుకున్నది సోమవారం మూడో పీరియడ్‌లోకి దిగడం లేదు. వర్క్‌షాప్ నడిపేవాళ్లకు ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే: మీ దగ్గరకు వచ్చిన టీచరు తిరిగి వెళ్లేటప్పుడు, వచ్చే వారం తను చెప్పబోయే పాఠంలో ఒక పేజీ మారి ఉండాలి. ఒక్క పేజీ చాలు. కొత్త సిద్ధాంతం, కొత్త యాప్, కొత్త ఆటల పుస్తకం ఇవేవీ ఇవ్వకపోయినా నష్టం లేదు.

ముందు ఆ టీచరు దగ్గర ఎంత సమయముందో చూద్దాం. ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ వాళ్లు 2018లో టీచర్ల మీద చేసిన టాలిస్ సర్వేలో జపాన్ జూనియర్ హైస్కూల్ (7 నుంచి 9 తరగతులు) టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నామన్నారు. సర్వేలో పాల్గొన్న దేశాలన్నిటిలో అదే ఎక్కువ. అందులో తరగతి బోధన 18 గంటలే. బేస్‌బాల్, బ్రాస్ బ్యాండ్ లాంటి క్లబ్బులకు 7.5 గంటలు పోతున్నాయి. వృత్తిపరంగా నేర్చుకోవడానికి మిగిలేది 0.6 గంట, అంటే 36 నిమిషాలు. మన వర్క్‌షాప్ మూడు గంటలంటే, లెక్క ప్రకారం ఆ మనిషి నెల రోజుల్లో నేర్చుకోవడానికి మిగుల్చుకున్న సమయం మొత్తానికంటే ఎక్కువ. అందులో మొదటి ముప్పావు గంట ముఖ్య అతిథి స్వాగత వచనాలకు పోతే ఎవరికి ఒళ్లు మండదు?

విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. వేసవి సెలవులు జూలై చివరి నుంచి ఆగస్టు దాకా. బోర్డుల శిక్షణలు ఎక్కువగా ఆ రోజుల్లోనే పెడతారు. అందులోనూ ఆగస్టు నడిమి వారం ఓబోన్ పండుగకు పోతుంది, అప్పుడు బడులే మూసేస్తారు. ఆగస్టు మొదటి వారంలో పెడితే హాజరు బాగుంటుంది. చిక్కేమిటంటే నేర్చుకున్నది తరగతిలో వాడాలంటే సెప్టెంబర్ దాకా ఆగాలి, ఈలోపు సగం మరిచిపోతారు. నన్నడిగితే సెప్టెంబర్ ఆఖర్లో చిన్న వర్క్‌షాప్, ఆగస్టులో పెద్ద వర్క్‌షాప్ కంటే మేలు.

ఇక గదిలోకి ఎవరు వస్తారన్నది. ఇంగ్లిష్ టీచరంటే అందరూ ఒకటి కాదు. ప్రాథమిక బడిలో 2011 నుంచి 5, 6 తరగతులకు ఇంగ్లిష్ కార్యకలాపాలు వచ్చాయి. 2020 నుంచి 3, 4 తరగతులకు ఏడాదికి 35 పీరియడ్లు కార్యకలాపాలుగా, 5, 6 తరగతులకు 70 పీరియడ్లు మార్కులతో కూడిన సబ్జెక్టుగా మారింది. పీరియడ్ 45 నిమిషాలు. ఆ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేది చాలా చోట్ల హోమ్‌రూమ్ టీచరే, అంటే అన్ని సబ్జెక్టులూ చెప్పే క్లాస్ టీచరు. పొద్దున లెక్కలు, తర్వాత సంగీతం, మధ్యాహ్నం ఈత, మధ్యలో ఇంగ్లిష్. ఇంగ్లిష్ లైసెన్సు లేనివాళ్లే వాళ్లలో ఎక్కువ. జూనియర్ హైస్కూల్, హైస్కూల్ వాళ్ల దారి వేరు. వాళ్లకు వ్యాకరణం కొట్టిన పిండి, భయమల్లా ప్రవేశ పరీక్షలంటేనే. హైస్కూల్లో 2013 నుంచి, జూనియర్ హైస్కూల్లో 2021 నుంచి పాఠం ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే నడపాలన్నది నియమం. మూడో రకం ఏఎల్‌టీలు. వీళ్లలోనూ జెట్ ద్వారా వచ్చినవాళ్లు, బోర్డు నేరుగా తీసుకున్నవాళ్లు, ప్రైవేటు కంపెనీలు పంపినవాళ్లు అని మూడు తెగలు. ప్రైవేటు ఇంగ్లిష్ సంభాషణ బడుల టీచర్లు నాలుగో రకం.

ఈ నలుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే ఉపన్యాసం ఇస్తే అందరికీ సగం సగం అందుతుంది. ప్రాథమిక టీచరు అడిగేది, "క్లాసులో నేను ఇంగ్లిష్‌లో ఏ వాక్యం అనాలి?" అని. హైస్కూల్ టీచరు అడిగేది, "పరీక్ష సిలబస్ వదలకుండా మాట్లాడించేదెట్లా?" అని. ఆహ్వాన పత్రంలోనే ఇది ఎవరికో రాసేయండి. "5, 6 తరగతుల వాళ్లకు" అని రాస్తే జనం తగ్గుతారు, పని జరుగుతుంది.

దేశమంతటికీ ఒకేసారి శిక్షణ ఇవ్వాలని జపాన్ చూడకపోలేదు. 2003 నాటి కార్యాచరణ ప్రణాళికలో జూనియర్ హైస్కూల్, హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్లందరికీ అయిదేళ్లలో గట్టి శిక్షణ అన్నారు. 2014 నుంచి కొన్నేళ్లు విద్యాశాఖ బ్రిటిష్ కౌన్సిల్‌తో కలిసి మెట్లుమెట్లుగా దిగే పద్ధతి నడిపింది. ముందు ప్రిఫెక్చర్ నుంచి ఎంపికైన నాయక టీచర్లకు కేంద్ర శిక్షణ, వాళ్లు వెళ్లి ఒక్కో బడి నుంచి వచ్చిన ముఖ్య టీచరుకు చెప్పడం, ఆ టీచరు తన బడిలో మిగతావాళ్లకు చెప్పడం. మన దగ్గర రిసోర్స్ పర్సన్లు మండలానికొచ్చి, అక్కడి నుంచి స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి దిగే వరస తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు. లోపమూ ఒక్కటే. పై మెట్టు మీద రోజుల తరబడి చేయించిన అభ్యాసం కింది మెట్టుకొచ్చేసరికి గంటన్నర పవర్‌పాయింట్ అవుతుంది. స్లైడ్లు దిగుతాయి. చేసి చూసి, తప్పుపోయి, మళ్లీ చేసిన అనుభవం దిగదు.

2009లో టీచర్ లైసెన్సు పదేళ్లకోసారి కొత్త చేసుకోవాలనీ, అందుకు 30 గంటల కోర్సు చదవాలనీ పెట్టారు. 2022లో ఎత్తేశారు. గంటల లెక్కతో వచ్చేది హాజరు పట్టీ, అంతే.

సరే, మూడు గంటలు. 24 మంది టీచర్లు, ఆరుగురు చొప్పున నాలుగు బల్లలు. వారం ముందే కబురు పంపాలి: "వచ్చే వారం మీరు చెప్పబోయే యూనిట్ నుంచి ఒక పేజీ, ఆరు కాపీలు తెండి." కొందరు తీరా తేరు. ఆ ప్రాంతంలో వాడే పాఠ్యపుస్తకం నుంచి ఒక పేజీ మన దగ్గర సిద్ధంగా ఉంచుకోవాలి.

మొదటి 10 నిమిషాలు పరిచయాలు వద్దు. కాగితం మీద ఒక్క ప్రశ్న: ఈ పేజీ చెప్పేటప్పుడు పిల్లలు ఎక్కడ ఆగిపోతారు? జపనీస్‌లో రాయనివ్వండి. ఇంగ్లిష్ టీచర్లకు జపనీస్‌లో రాయించడమేమిటని కొందరు విదేశీ ట్రైనర్లు మొహం చిట్లిస్తారు. ఇంగ్లిష్‌లో రాయమంటే రాయగలిగింది రాస్తారు, అనుకున్నది రాయరు.

తర్వాతి 30 నిమిషాల్లో నమూనా పాఠం. ఎక్కువ వర్క్‌షాపులు ఇక్కడే దెబ్బతింటాయి. హుషారైన ట్రైనర్ ముందు నిలబడతాడు, టీచర్లు పిల్లల్లా నటిస్తారు, ప్రతి ఆటా అద్భుతంగా పండుతుంది. ఎందుకు పండదు? ఎదురుగా ఉన్నవాళ్లంతా జవాబు తెలిసిన పెద్దవాళ్లు. మర్యాదకైనా నవ్వుతారు. దీనికి విరుగుడు పాత్ర చీట్లు. బల్లకు నాలుగు చీట్లు మడిచి పెట్టండి. ఒకదాని మీద "మీకు సూచన అర్థం కాలేదు, పక్కవాడిని చూసి చేయండి". ఇంకోదాని మీద "జవాబు తెలుసు, నోరు విప్పరు". మూడోది "ఇరవై సెకన్లలో ముగించేసి అల్లరి మొదలుపెట్టండి". నాలుగోది "ప్రతి జవాబూ జపనీస్‌లో చెప్పండి". ఇప్పుడు నమూనా పాఠం 20 నిమిషాలు నడపండి. ట్రైనర్ తడబడతాడు, తడబడాలి కూడా. మిగిలిన 10 నిమిషాలు ఆ తడబాటు గురించే మాట్లాడించండి.

అక్కడ ఎక్కువగా బయటపడే రోగం ఒకటుంది, దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. అయిదో తరగతి, తిండి పదార్థాల యూనిట్. వాక్యం, "వాట్ వుడ్ యూ లైక్?" టీచరు ఇచ్చిన సూచన: "ఓకే ఎవ్రీవన్, ప్లీజ్ మేక్ పెయిర్స్ అండ్ యూజింగ్ ద మెనూ ఆస్క్ యువర్ పార్ట్‌నర్ వాట్ దే వుడ్ లైక్ అండ్ రైట్ ఇట్ డౌన్." ఇందులో నాలుగు పనులున్నాయి: జతకట్టడం, మెనూ చూడటం, అడగడం, రాయడం. పిల్లవాడికి అందేది చివరి మాట "రైట్". అందుకే నేరుగా రాయడం మొదలుపెడతాడు. టీచరు కంగారుపడి అంతా జపనీస్‌లో మళ్లీ చెబుతుంది. రెండు వారాలు ఇలా జరిగితే పిల్లలకు ఒక పాఠం వంటపడుతుంది: ఇంగ్లిష్ వినక్కర్లేదు, కాసేపాగితే జపనీస్ వస్తుంది.

టీచర్ల చేత ఆ వాక్యాన్ని విడగొట్టించండి. "ఫేస్ యువర్ పార్ట్‌నర్." ఆగాలి, అందరూ తిరిగారా చూడాలి. "లుక్ ఎట్ ద మెనూ." ఆగాలి. తర్వాత మాటలు ఆపేసి, ముందు వరుసలో ఒక పిల్లవాడితో చేసి చూపించాలి. "పార్ట్‌నర్ ఏ, ఆస్క్." రాసే పని ఊసు అడగడం పూర్తయ్యేదాకా ఎత్తకూడదు, పెన్సిళ్లు బల్ల సొరుగులోనే ఉండాలి. సూచనకు ఆరు మాటలు దాటొద్దని నియమం పెట్టి, తమ పేజీకి కావలసిన సూచనలు రాయించండి. పదిహేను నిమిషాల పని, తర్వాత చెప్పే 35 నిమిషాల్లోనే ఇదీ కలుస్తుంది. ఇంగ్లిష్ మాట్లాడటానికి జంకే ప్రాథమిక టీచర్లకు మూడు గంటల్లో దీనంత ఉపయోగపడేది మరొకటి లేదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగాక ఆగడం గురించి కూడా. తరగతుల్లో టీచర్లు జవాబు కోసం సగటున ఒక సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబుల తీరే మారుతుందని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు చాలాకాలం కిందటే చూపించారు. జపాన్ తరగతిలో మౌనం చాలాసార్లు ఆలోచనే. కొత్త ఏఎల్‌టీకి అది ఇబ్బందిగా ఉంటుంది, తనే జవాబు చెప్పేస్తాడు. ఆగడం సాధన చేయించాలంటే మనసులో అయిదు లెక్కపెట్టమనండి, పక్కన ఒకరిని గడియారం పట్టుకోమనండి.

తర్వాతి 35 నిమిషాలు బల్లకు ఒక పేజీ ఎంచుకుని, అందులో పది నిమిషాల ముక్కను పాఠంగా తయారుచేయడం. మొత్తం పీరియడ్‌కు ప్రణాళిక రాయనివ్వకండి. జపాన్ టీచర్లకు షిదోఆన్, అంటే పాఠ ప్రణాళిక, పద్ధతిగా రాయడం బాగా అలవాటు. ఊరుకుంటే విద్యార్థుల స్థితి, పాఠ్యాంశం, బోధన దృష్టి అంటూ పేజీలు నింపుతారు. ఇప్పుడు ఆ పని కాదు. మెఆతే ఒకటి, అంటే బోర్డు మీద రాసే ఈరోజు లక్ష్యం. పిల్లలు చేసే పని ఒకటి. సూచనలు మూడు. అంతే.

10 నిమిషాల విరామం. దాన్ని తగ్గించకండి. అసలు ప్రశ్నలు అప్పుడే బయటికొస్తాయి.

విరామం తర్వాత 70 నిమిషాలు మైక్రోటీచింగ్, అంటే పాఠంలో చిన్న ముక్కను తోటి టీచర్ల ముందు చెప్పి చూడటం. దీని కోసమే మిగతాదంతా. బల్ల దగ్గర ఒకరు టీచరు, ఒకరు ఏఎల్‌టీ, నలుగురు పాత్ర చీట్లతో పిల్లలు. 8 నిమిషాలు చెప్పాలి, 7 నిమిషాలు మాట్లాడుకోవాలి, 10 నిమిషాల్లో మార్చుకోవాలి, మళ్లీ అదే ముక్క 8 నిమిషాలు చెప్పాలి. మాటలు ముగించడానికి 2 నిమిషాలు కలిపి 35. ఇలా ఇద్దరికి. ఆరుగురికీ అవకాశం ఇద్దామని ఒక్కసారి చొప్పున చెప్పించే వర్క్‌షాపులున్నాయి. న్యాయంగా కనిపిస్తుంది, ఫలితం ఉండదు. రెండోసారి చెప్పినప్పుడే మార్పు కళ్లకు కనపడుతుంది. చూసే నలుగురూ నేర్చుకునేదీ ఆ తేడా నుంచే.

7 నిమిషాల చర్చ ఎలా నడపాలన్నది జపాన్ బడులకు కొత్తగా నేర్పక్కర్లేదు. కెంక్యూ జుగ్యో, అంటే పరిశోధన పాఠం, అక్కడి పాత సంప్రదాయం. కలిసి ప్రణాళిక రాస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు గోడల వెంట నిలబడి పిల్లలను చూస్తారు. పిల్లలకు సాయం చేయకూడదు. పాఠం తర్వాత సమావేశం, చివర్లో బయటి నిపుణుడి వ్యాఖ్య. ఇందులో గొప్ప సంగతి, చూపు టీచరు మీద కాకుండా పిల్లల మీద ఉండటం. "మీరు గొంతు పెంచాలి" అనరు. "కిటికీ పక్క అబ్బాయి మెనూ తిరగేసి పట్టుకుని మూడు నిమిషాలున్నాడు" అంటారు. మన వర్క్‌షాప్‌లోనూ అదే నియమం. రెండు రంగుల అంటుడు చీట్లు ఇవ్వండి. ఒక రంగు మీద జరిగినది, రెండో రంగు మీద ప్రశ్న. "చాలా బాగుంది", "మంచి ప్రయత్నం" రాసిన చీట్లు పక్కన పెట్టేయండి. మర్యాద కోసం తలూపే చర్చలో టీచరుకు చేతికేమీ దొరకదు.

నోరు మెదపని బల్లలుంటాయి. చాలాసార్లు కారణం కూర్చోబెట్టిన తీరే. ఉప ప్రధానోపాధ్యాయుడు ఉన్న బల్ల దగ్గర ఆ బడి కొత్త టీచరును కూర్చోబెడితే ఇంకేం మాట్లాడతారు? ఒకే బడి వాళ్లను విడదీయాలి. అందరి ముందూ పేరు పెట్టి ఇంగ్లిష్‌లో అడగడం అసలు వద్దు. రెండు నిమిషాలు రాయడం, జతలో చెప్పుకోవడం, తర్వాత బల్ల తరఫున ఒకరు చెప్పడం. ఈ వరసలో ఎవరి మాట తప్పుపోయినా అది బల్ల మాటే అవుతుంది.

ఉచ్చారణకు విడిగా వర్క్‌షాప్ పెట్టమని అడుగుతుంటారు. ఇరవై నిమిషాలు చాలు, అదీ లయ మీద పెట్టండి. "స్ట్రైక్" ఇంగ్లిష్‌లో ఒక్క సిలబుల్. జపనీస్‌లో సు-తొ-ర-ఇ-కు, అయిదు మాత్రలు. బస్సు, రోడ్డు, పెన్ను అనే మనకు ఈ బాధ చెప్పక్కర్లేదు. అభ్యాసం ఇదీ. "క్యాట్స్ ఈట్ ఫిష్": మూడు చప్పట్లు. "ద క్యాట్స్ ఈట్ ద ఫిష్": మూడే చప్పట్లు. "ద క్యాట్స్ విల్ ఈట్ ద ఫిష్": అప్పుడూ మూడే. చిన్న మాటలు చప్పట్ల మధ్య ఇరుక్కోవాలి. అక్షరానికో చప్పట కొడుతున్న టీచరు తన పొరపాటు తన చేతులు చూసే పట్టేసుకుంటుంది. ఎల్, ఆర్ తేడా మీద గంటలు పోయకండి.

మాట్లాడటాన్ని కొలవడం ఇప్పుడు పెద్ద గిరాకీ ఉన్న విషయం. 2023 జాతీయ పరీక్షలో జూనియర్ హైస్కూల్ మూడో ఏడాది పిల్లల మౌఖిక భాగంలో సగటున సరైన జవాబులు 12.4 శాతమే. టోక్యోలో 2022 నుంచి మౌఖిక పరీక్ష పెట్టి, మెట్రోపాలిటన్ హైస్కూళ్ల ప్రవేశానికి 1,020 మార్కుల్లో 20 దానికి కేటాయించారు. దీని మీద వర్క్‌షాప్ నడిపితే రూబ్రిక్, అంటే ఏ స్థాయికి ఎంత మార్కో చెప్పే పట్టిక, ఎలా రాయాలో ఉపన్యాసం ఇవ్వకండి. అనుమతి తీసుకున్న నాలుగు చిన్న రికార్డింగులు వినిపించండి, ఎవరికి వారు మూడు స్థాయిల్లో మార్కు వేయమనండి, తర్వాత వేళ్లు ఎత్తించండి. ఒకే పిల్లవాడికి 1 వేసినవాళ్లూ 3 వేసినవాళ్లూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు. ఒకరు తప్పులు లెక్కపెట్టారు, ఇంకొకరు విషయం అందిందా అని చూశారు. రూబ్రిక్‌లో ఏ మాట మార్చాలో ఆ తగాదాయే చెబుతుంది.

ఏఎల్‌టీల సంగతి. పాఠం చదివి వినిపించే టేప్‌రికార్డర్‌లా వాడుకుంటారని వాళ్ల ఫిర్యాదు. ముందుగా కూర్చుని మాట్లాడే వీలే లేదని జపాన్ టీచర్ల బాధ. రెండూ నిజమే. ఇక్కడ చట్టం అడ్డొచ్చే చోటు ఒకటుంది. బోర్డు ఏఎల్‌టీ పనిని కంపెనీకి కాంట్రాక్టు సేవగా అప్పగిస్తే, బడి టీచరు అతనికి నేరుగా ఆదేశాలు ఇవ్వకూడదు. అందుకే "ఇద్దరూ కలిసి ప్రణాళిక వేసుకోండి" అని వర్క్‌షాప్‌లో చెప్పేముందు అక్కడ ఏ రకం ఒప్పందమో బోర్డును అడగండి. ఒప్పందంలో లేకపోతే శిక్షణకు వచ్చిన రోజు జీతమూ రాకపోవచ్చు. ఒప్పందం అనుమతించే చోట పాఠానికి ముందు 5 నిమిషాల మాట చాలు, అదీ మూడు విషయాల మీద: ఎవరు మొదలుపెడతారు, నమూనా సంభాషణ ఏది, పిల్లలు ఆగిపోతే ఎవరు కదులుతారు.

మళ్లీ మన మూడు గంటలకొస్తే, మైక్రోటీచింగ్ తర్వాత 20 నిమిషాలు ఒక చిన్న కార్డుకు. ఏ రోజు, ఏ పీరియడ్, ఏ తరగతి, ఏ పేజీ, ఏం మారుస్తారు. "పిల్లలతో ఎక్కువ మాట్లాడిస్తాను" అని రాస్తే వెనక్కివ్వండి. "గురువారం రెండో పీరియడ్, 5-బీ, మెనూ పేజీ, పెన్సిళ్లు లోపల" అని రాస్తే సరే. మిగిలిన 5 నిమిషాలు సంతృప్తి సర్వేకు వాడొచ్చుగానీ, దాన్ని నమ్మకండి. నవ్వించిన ట్రైనర్లందరికీ మంచి మార్కులే వస్తాయి.

ఆరు వారాల తర్వాత 40 నిమిషాల ఆన్‌లైన్ సమావేశం పెట్టండి. ప్రతి టీచరూ ఒక పిల్లవాడి వర్క్‌షీట్, పేరు తీసేసి, లేదంటే పాఠం చివర పిల్లలు రాసే ఫురికాయెరి కాగితం ఒకటి చూపించాలి. సగం మందే వస్తారు, రానివ్వండి.

ఇందాక ఒకరు చీటీ పంపారు, జపనీస్ రాని ట్రైనర్ ఇదంతా నడపగలడా అని. నడపగలడు, ఒంటరిగా మాత్రం వద్దు. నమూనా పాఠం, సూచనలు, లయ ఇంగ్లిష్‌లో నడపొచ్చు. 7 నిమిషాల చర్చ జపనీస్‌లో సాగనివ్వాలి, పక్కన అక్కడి టీచరు ఒకరు ఉండి ముఖ్యమైనవి ఎత్తి చెప్పాలి. ఆ సహ ట్రైనర్‌కు ప్రణాళిక వారం ముందే పంపాలి, ఫీజు ఉంటే ఇద్దరికీ సమానంగా ఉండాలి. చేతికిచ్చే కాగితం మీద ఇంగ్లిష్ పక్కనే జపనీస్ ఉండాలి, పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీ. పాత్ర చీట్లు మాత్రం జపనీస్‌లోనే రాయించండి. అవి అర్థం కాకపోతే ఆట మొత్తం చెడుతుంది.